రే గ్రీకార్ ఏమయ్యాడు? మూడు వాదనలు, ఒక హార్డ్ డిస్క్

జయనగర్_చదువరి:

నమస్కారమండీ. ఇక్కడ బెంగళూరులో తెలుగువాళ్ళం కొందరం నెలకోసారి కూర్చుని, తేలకుండా మిగిలిపోయిన కేసుల గురించి మాట్లాడుకుంటాం. ఈ ఆదివారం లాల్‌బాగ్‌లో రే గ్రీకార్ కేసు. మొదలుపెట్టాల్సింది నేను. విషయం లోతుగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని ఈ పోస్టు పెడుతున్నాను.

ఎవరూ కాదనని సంగతులు ముందు చెప్తాను. గ్రీకార్ అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, సెంటర్ కౌంటీకి డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ఆ జిల్లా ప్రాసిక్యూటర్లందరికీ పెద్ద. ఎన్నికై వచ్చే పదవి. 1980ల మధ్య నుంచి ఆయనే. మళ్ళీ పోటీ చేయనని ముందే చెప్పేశాడు, 2005 చివర్లో రిటైర్ కావాలి. 2005 ఏప్రిల్ 15, శుక్రవారం, సెలవు పెట్టాడు. ఉదయం 11:30 ప్రాంతంలో, తనతో కలిసి ఉంటున్న స్నేహితురాలికి ఫోన్ చేసి, 192 నంబరు రోడ్డు మీద కారులో వెళ్తున్నానన్నాడు. రాత్రికి ఇంటికి రాలేదు. మర్నాడు ఆయన ఎర్ర మినీ కూపర్ 80 కిలోమీటర్ల దూరాన లూయిస్‌బర్గ్‌లో, పాత సామాన్లు అమ్మే దుకాణాల దగ్గర పార్కింగులో దొరికింది. మొబైల్ కారులోనే ఉంది, ఆఫ్ చేసి. తాళాలు, పర్సు, ఆఫీసు ల్యాప్‌టాప్ లేవు. జులై 30న చేపలు పట్టేవాళ్ళకు సస్క్వెహానా నదిలో వంతెన కింద ల్యాప్‌టాప్ దొరికింది, అందులో హార్డ్ డిస్క్ లేదు. డిస్క్ ఆ తర్వాత దగ్గర్లోనే నది ఒడ్డున దొరికింది, చదవడానికి పనికిరాని స్థితిలో. ఇక 2009లో బయటపడిన సంగతి: హార్డ్ డ్రైవ్‌ను ఎలా పాడుచేయాలి, నీళ్ళలో పడితే ల్యాప్‌టాప్ ఏమవుతుంది అని ఆయన ఇంట్లో కంప్యూటర్‌లో ఎవరో ముందే వెతికారు.

నా ప్రశ్నలు ఇవి. ఆ వెతుకులాట హత్య వాదనను పూర్తిగా కొట్టేస్తుందా? నదిలో దూకి ఉంటే శవం ఎందుకు తేలలేదు? పిల్లల మీద లైంగిక నేరాలకు జైలుకెళ్ళిన కోచ్ సాండస్కీ కేసుతో ముడి పెట్టడంలో పస ఉందా? ఇంకోటి, మన దగ్గర ఏడేళ్ళు దాటితే గానీ చనిపోయినట్టు లెక్కలోకి రాదు కదా, అక్కడ కోర్టు ఆరేళ్ళు దాటగానే 2011 జులైలో ఎలా ప్రకటించింది?

ఎస్పీరోడ్_డిస్క్:

చదువరి గారూ, మీ మొదటి ప్రశ్న వరకు చెప్తాను, ఎందుకంటే ఈ కేసు మీద రాసేవాళ్ళు ఎక్కువగా తప్పుగా చెప్పేది డిస్క్ గురించే.

డిస్క్ తనంతట తాను ఊడి రాదు. 2005 నాటి ల్యాప్‌టాప్‌లలో 2.5 అంగుళాల డ్రైవ్ ఒక రేకు తొడుగులో కూర్చుంటుంది. తొడుగుకు నాలుగు చిన్న స్క్రూలు, బయట మూతకు ఒకటో రెండో స్క్రూలు, వెనక 44 పిన్నుల కనెక్టర్. మీ సభ్యులకు చూపించాలంటే ఎస్పీ రోడ్డులో పాత ల్యాప్‌టాప్‌లు విప్పే ఏ బెంచి దగ్గరైనా ఒకటి కొని తీసుకెళ్ళండి. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు, రెండు నిమిషాల్లో బయటికొస్తుంది. ప్రవాహం ప్లాస్టిక్కును పగలగొట్టొచ్చు గానీ స్క్రూలు విప్పదు. కాబట్టి మనిషి చేత్తో తీశాడు, ఆ తర్వాత రెండూ నీళ్ళలోకి వెళ్ళాయి. ఇది వరకు గట్టి నేల.

రెండోది, నీళ్ళు డేటాను చెరపవు. డేటా అంటే డ్రైవ్ లోపల తిరిగే పళ్ళెం మీద కోబాల్ట్ మిశ్రమపు పలచటి పొరలో ఉన్న అయస్కాంతపు దిశలు. నీటికి వాటిని మార్చే శక్తి లేదు. పాడుచేసేది తుప్పు, ఒండ్రు, గీతలు. డ్రైవ్‌కు గాలి ఆడటానికి చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని మూయొద్దని లేబుల్ మీదే రాసి ఉంటుంది. నది అడుగున అందులోంచి నీళ్ళు, నీళ్ళతో సన్నటి మట్టి లోపలికి దిగుతాయి. కోబాల్ట్ పొర పైన ఉండే కార్బన్ పూత కొన్ని నానోమీటర్ల మందమే. దానిలో సూదిమొన అంత లోపాలున్న చోటల్లా తుప్పు మొదలవుతుంది. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లలో పళ్ళేలు చాలావరకు గాజువి. వంతెన మీంచి రాయి మీద పడితే లోపలే ముక్కలవుతాయి. గాజు పగిలితే అక్కడితో ఆట ముగిసినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ చెడు చేసేది తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం. నీళ్ళలోనే ఉండిపోయిన డ్రైవ్ కన్నా ఒడ్డున పడి ఎండకు ఆరిన డ్రైవ్ పరిస్థితి ఘోరం. ఆరేటప్పుడు నీటిలోని లవణాలు, బురద పళ్ళేనికి అంటుకుని గట్టిపడతాయి. అందుకే నీళ్ళలో పడ్డ డ్రైవ్ ఎవరికి దొరికినా ఎండబెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ పెట్టకూడదు, బియ్యంలో పూడ్చకూడదు, కరెంటు అసలు ఇవ్వకూడదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ దుమ్ములేని గదిలో మూత తీసి, అయాన్లు తీసేసిన నీటితో పళ్ళేలు కడిగి, అదే మోడలు, అదే ఫర్మ్‌వేర్ ఉన్న మరో డ్రైవ్‌లోకి మారుస్తారు. పళ్ళేలు రెండుంటే ఒకదానికొకటి వెంట్రుకవాసి తిరగకుండా కలిపి ఎత్తాలి, లేకపోతే ట్రాకులు కలవవు. పాత సర్క్యూట్ బోర్డు మీదున్న చిన్న రోమ్ చిప్ కూడా కొత్త బోర్డుకు మార్చాలి, ఆ డ్రైవ్ సొంత సర్దుబాటు విలువలు అందులో ఉంటాయి కనుక. ఇన్ని చేసినా, పళ్ళెం మీద డేటా చదివే తల ఎగిరే ఎత్తు ఆ కాలపు డ్రైవ్‌లలో పది నానోమీటర్ల చుట్టుపక్కల. మట్టి రేణువు ఒక్కటి మిగిలినా తల గీసుకుపోతుంది.

గ్రీకార్ డిస్క్ మీద ఎఫ్‌బీఐ, సీక్రెట్ సర్వీస్, ఆ తర్వాత పాడైన డిస్క్‌ల నుంచి డేటా తీసే కంపెనీ క్రోల్ ఆన్‌ట్రాక్ ప్రయత్నించాయి, ఫలితం లేదు. ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. 2003 ఫిబ్రవరి 1న కూలిపోయిన కొలంబియా స్పేస్ షటిల్‌లోని ఒక సీగేట్ డ్రైవ్ నుంచి ఇదే క్రోల్ ఆన్‌ట్రాక్ 99 శాతం డేటా బయటికి తీసింది. అంత ఎత్తునుంచి పడి, కాలి, నెలల తరబడి ఎండిన చెరువులో పడి ఉన్నది బతికితే, నదిలో పడ్డది ఎందుకు బతకలేదు? షటిల్ డ్రైవ్ పళ్ళేలు వంకరపోలేదు. డ్రైవ్ సగమే నిండి ఉంది, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కింద నడిచింది కాబట్టి డేటా ఒకచోటే వరసగా ఉంది. దెబ్బ తిన్నది ఖాళీగా ఉన్న భాగం. గ్రీకార్ డిస్క్‌కు ఈ అదృష్టాలేవీ లేవు. కాబట్టి ‘ల్యాబులే కావాలని దాచాయి’ అనే మాటకు సాంకేతికంగా ఆధారం లేదు. ఆ స్థితిలో వచ్చిన డ్రైవ్ చదవలేకపోవడమే మామూలు.

ఇక ఆ వెతుకులాట. డేటా మాత్రమే పోవాలనుకుంటే అప్పటికే ఉచితంగా దొరికే, డిస్క్‌ను పూర్తిగా తుడిచేసే డీబ్యాన్ అనే ప్రోగ్రాం ఉంది, సీడీ మీద వేసి బూట్ చేస్తే చాలు. ఆ కాలపు మామూలు 40 జీబీ డ్రైవ్‌ను సెకనుకు 27 ఎంబీ వేగంతో ఒక్కసారి సున్నాలతో నింపడానికి పట్టేది 25 నిమిషాలు. ఒక్కసారి నింపినా సరిపోతుంది. ల్యాప్‌టాప్ చక్కగా పనిచేస్తూ ఆఫీసుకు తిరిగివచ్చేది, ఎవరికీ అనుమానం రాదు. ఆ దారి పట్టకుండా పాడుచేయడం, కాల్చడం, నీళ్ళు అని వెతికారంటే, వెతికిన మనిషికి కంప్యూటర్ల లోపలి సంగతి పెద్దగా తెలియదు, వస్తువే పోతే సమాచారమూ పోతుందన్న నమ్మకం మాత్రం ఉంది.

ఎవరు టైప్ చేశారో బ్రౌజర్ చెప్పదు, అది ఒకరికన్నా ఎక్కువమంది ఉన్న ఇల్లు. అయినా దారిన పోయే హంతకుడు ముందే ఆ ఇంట్లో కూర్చుని వెతికాడనడం కష్టం. నా అభిప్రాయం ఇది: డిస్క్ పాడుచేయాలన్నది గ్రీకార్ సొంత ఉద్దేశం. కానీ అక్కడి నుంచి ‘కాబట్టి హత్య కాదు’ అని దూకకూడదు. డిస్క్ పారేయడం ఒక పని, మనిషి మాయమవడం ఇంకో పని. రెండూ ఒకే రోజు, ఒకే కారణంతో జరిగాయనడానికి మన దగ్గర రుజువు లేదు. ల్యాప్‌టాప్ నీళ్ళలోకి వెళ్ళింది జులై 30కి ముందు ఏదో ఒక రోజు, అంతే. తుప్పు చూసి తారీఖు చెప్పలేం.

మల్లేశ్వరం_కేసుడైరీ:

డిస్క్ అన్న చివర్లో చెప్పిందే అసలు తాళంచెవి. ఆ రెండు పనులనూ విడదీసి చూసినప్పుడే హత్య వాదన నిలబడుతుంది, కలిపి చూస్తే పడిపోతుంది. విడదీసి చూస్తే ఇలా ఉంటుంది: రిటైర్మెంటు దగ్గరపడింది, ల్యాప్‌టాప్ కౌంటీ ఆస్తి, తిరిగి ఇవ్వాలి. అందులో ఉన్నది ఇంకొకరి కంట పడకూడదని అనుకున్నాడు. సెలవు రోజున దూరంగా వెళ్ళి నదిలో పారేశాడు. ఆ తర్వాత వేరే ఏదో జరిగింది.

హత్య వైపు లాగే సంగతులు తక్కువే, కానీ లేకపోలేదు. కారులో సిగరెట్ వాసన, కొద్దిగా బూడిద. ఆయన సిగరెట్ తాగడు, కారులో పొగ ఒప్పుకోడు. అంటే ఇంకెవరో ఆ సీటులో కూర్చున్నారు, లేదా కిటికీలోంచి ఒంగి మాట్లాడారు. లూయిస్‌బర్గ్‌లో ఆయన్ను చూశామని, ఒక తెలియని స్త్రీతో మాట్లాడుతున్నాడని చెప్పినవాళ్ళు ఉన్నారు. మాయమవడానికి కొద్దిరోజుల ముందే ఒక హెరాయిన్ ముఠా కేసు బయటపెట్టాడు. ఇరవై ఏళ్ళ ప్రాసిక్యూటర్‌కు శత్రువులు ఉండరని ఎవరూ అనరు.

దానికి ఎదురుగా: కారులో పెనుగులాట జాడ లేదు. మోటార్‌సైకిల్ ముఠావాళ్ళు చంపి గని గోతిలో పడేశారన్న మాట కొన్నేళ్ళకు వచ్చింది, దాన్ని నిలబెట్టే వస్తువు ఒక్కటీ బయటికి రాలేదు. ప్రత్యక్ష సాక్షుల మాటలను ఆదివారం మీరు వాడుకునేటప్పుడు ఒక జాగ్రత్త పెట్టుకోండి. కారు దొరికిన వార్త, ఫోటో వచ్చాక చెప్పిన గుర్తింపుకు విలువ సగం తగ్గించి చూడాలి. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని నా ఉద్దేశం కాదు. టీవీలో పదిసార్లు చూసిన ముఖం, ఆ రోజు నిజంగా చూసిన ముఖం బుర్రలో కలిసిపోతాయి. దుకాణంలో ఎవరు ఏ రోజు, ఏం కొన్నారన్న బిల్లుతో ముడిపడిన సాక్ష్యమైతే గట్టిది.

సాండస్కీ సంగతి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే 2011 తర్వాత కొత్తగా ఈ కేసు చదివే ప్రతివాళ్ళూ అక్కడే మొదలుపెడుతున్నారు. జెర్రీ సాండస్కీ పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌లలో ఒకడు. 1998లో ఒక పిల్లవాడి తల్లి ఫిర్యాదు చేసింది. యూనివర్సిటీ పోలీసులు విచారించారు. కేసు పెట్టక్కర్లేదని నిర్ణయించింది గ్రీకార్. 2011 నవంబరులో సాండస్కీని అరెస్టు చేశారు, 2012 జూన్‌లో 45 నేరాలు రుజువయ్యాయి, 30 నుంచి 60 ఏళ్ళ శిక్ష పడింది. ఇక్కడిదాకా రికార్డు.

ఇప్పుడు తారీఖులు పక్కపక్కన పెట్టండి. నిర్ణయం 1998, మాయమైంది 2005, పెద్ద విచారణ మొదలైంది ఆ తర్వాత కొన్నేళ్ళకు. 2005 ఏప్రిల్‌లో ఆ విషయం మీద ఒత్తిడి ఏదీ నడవడం లేదు. గ్రీకార్ నోరు మూయించాలంటే ఆయన ఒక్కడికే తెలిసిన రహస్యం ఉండాలి. 1998 ఫిర్యాదు సంగతి పోలీసులకు తెలుసు, పిల్లల సంక్షేమ శాఖవాళ్ళకు తెలుసు, ఫైలు ఉంది. ఒక్కడు మాయమైతే మాసిపోయే విషయం కాదది. ఆ పిల్లలకు న్యాయం ఆలస్యం కావడంలో 1998 నిర్ణయానికి ఎంత భాగం ఉందన్నది నిజమైన, బరువైన ప్రశ్న. దాన్ని ఈ మాయమవడానికి కారణంగా మార్చేస్తే రెండు కేసులకూ అన్యాయమే.

జయనగర్_చదువరి:

చాలా ఉపయోగపడిందండీ. మరి నదిలో దూకి ఉండొచ్చన్నది? సోదరుడి సంగతి వల్ల నేను అటే మొగ్గుతున్నాను. 1996లో ఆయన సోదరుడు కూడా ఇలాగే కనబడకుండా పోయి, కొద్దిరోజులకు ఒహాయోలో ఒక నదిలో శవమై దొరికాడు, ఆత్మహత్యగా తేల్చారు. ఇక్కడా కారు నది ఉన్న ఊళ్ళోనే ఉంది, వస్తువూ నదిలోనే ఉంది.

కనకపుర_ఈత:

సోదరుడి సంగతి బరువైనదే చదువరి గారూ, కానీ నది లెక్క కూడా చూడాలి.

మన కావేరిలో, మేకెదాటు, ముత్తత్తి వైపు మునిగిన శవం మామూలుగా రెండు మూడు రోజుల్లో పైకి వస్తుంది. కారణం నీటి వేడి. నీళ్ళు 25 డిగ్రీల పైన ఉంటే పేగుల్లో బ్యాక్టీరియా వేగంగా వాయువు పుట్టిస్తుంది, ఒళ్ళు తేలికవుతుంది. పెన్సిల్వేనియాలో ఏప్రిల్ మధ్యకు నది నీళ్ళు చల్లగా ఉంటాయి. 10 డిగ్రీల దగ్గర అదే పని వారాలు తీసుకుంటుంది. నాలుగు డిగ్రీల కింద ఐతే వేడి వచ్చేదాకా అడుగునే ఉండిపోవచ్చు. అంటే 15న దూకి ఉంటే మొదటి వారం వెతుకులాటలో పైన కనబడకపోవడం వింతేమీ కాదు. వింత ఏమిటంటే మే, జూన్, జులైలలో కూడా ఎవరికీ కనబడకపోవడం. ల్యాప్‌టాప్ దొరికింది చేపలు పట్టేవాళ్ళకే కదా. ఆ నది మీద జనం తిరుగుతూనే ఉన్నారు.

ఇంకో సంగతి. మునిగిన మనిషి వెంటనే కొట్టుకుపోతాడని అనుకుంటారు. ఊపిరితిత్తులు నిండాక ఒళ్ళు దాదాపు నిలువుగా కిందికి దిగి, పడిన చోటికి దగ్గరలోనే అడుగును తాకుతుంది. దూరప్రయాణం మొదలయ్యేది తేలాకే. అందుకే గజ ఈతగాళ్ళు చివరిసారి కనబడిన చోటు నుంచి కిందికి కొద్ది దూరమే ముందు జల్లెడ పడతారు. సస్క్వెహానా వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ ఉన్న నది. లోతు లేని చోట అడుగున దాగడం కష్టం. మరోవైపు వసంతంలో మంచు కరిగి ప్రవాహం బలంగా ఉంటుంది, నీళ్ళు మబ్బుగా ఉంటాయి. ఒడ్డున కూలిన చెట్ల కొమ్మల్లో, వంతెన స్తంభాల దగ్గర చేరిన చెత్తలో ఒళ్ళు చిక్కుకుంటే వాయువు పుట్టినా పైకి రాదు. చల్లటి నీళ్ళలో కొవ్వు సబ్బులా గట్టిపడి నెలలు నిలవడమూ ఉంది.

దిగువ దారి కూడా చూడండి. లూయిస్‌బర్గ్ పశ్చిమ పాయ మీద ఉంది. కొంత కిందికి వెళ్తే నార్తంబర్లాండ్ దగ్గర రెండు పాయలూ కలుస్తాయి. సన్‌బరీ దగ్గర గాలి నింపి లేపే రబ్బరు ఆనకట్ట ఉంది. అది వేసవి పడవల కోసం లేపేది, ఏప్రిల్‌లో దించి ఉంటుంది కాబట్టి ఆపదు. ఆ తర్వాత చాలా కిందికి వెళ్ళాక యార్క్ హేవెన్, సేఫ్ హార్బర్, హోల్ట్‌వుడ్, కానవింగో డ్యాములు. టర్బైన్ల ముందు ఇనుప కమ్మీల జాలి ఉంటుంది, చెత్తతో పాటు శవాలూ అక్కడ తగులుతాయి. అక్కడా దొరకలేదు.

నదిలో దూకడం అసాధ్యం కాదు. కానీ ఈ వాదన పట్టేవాళ్ళు శవం చిక్కుకుపోయిందని కూడా కలిపి చెప్పాల్సి ఉంటుంది. ఒక వాదన నిలబడటానికి రెండు విషయాలు జరగాలంటే దాని బరువు అంత మేరకు తగ్గించుకోవాలి. పర్సు, తాళాలు ఒంటి మీదే ఉండిపోయాయన్నది మాత్రం దీనికి సరిగ్గా అతుకుతుంది.

సివిల్‌కోర్టు_వకీలు:

మీ చివరి ప్రశ్నకు జవాబు. పెన్సిల్వేనియా చట్టంలోనూ మామూలు గడువు ఏడేళ్ళే. ఐతే మనిషి ప్రాణాపాయ పరిస్థితికి గురయ్యాడని కోర్టుకు నమ్మకం కలిగితే ఏడేళ్ళు నిండకముందే మరణం జరిగిందని నిర్ణయించే వీలు ఆ చట్టంలోనే ఉంది. కూతురి తరఫున వేసిన పిటిషన్ మీద 2011 జులైలో ఉత్తర్వు వచ్చింది. అందులోంచి ‘కోర్టు హత్య అని తేల్చింది’ అని గానీ ‘ఆత్మహత్య అని తేల్చింది’ అని గానీ తీయకూడదు. ఆస్తి, పెన్షన్, బీమా పనులు సాగడానికి ఇచ్చిన ఉత్తర్వు అది. దర్యాప్తు ఆగలేదు, 2014లో రాష్ట్ర పోలీసుల చేతికి వెళ్ళింది.

మన దగ్గర ఇదివరకు సాక్ష్యాల చట్టం 108వ సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షను. విషయం అదే. సహజంగా కబురు తెలియాల్సినవాళ్ళకు ఏడేళ్ళుగా కబురు లేకపోతే, బతికున్నాడని చెప్పేవాళ్ళే రుజువు చేయాలి. ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. ఎల్‌ఐసీ, అనురాధ కేసులో సుప్రీంకోర్టు 2004లో తేల్చింది: ఏడేళ్ళ తర్వాత మరణాన్ని ఊహించవచ్చు, మరణించిన తారీఖును మాత్రం ఊహించకూడదు. మనిషి మాయమైన రోజే చనిపోయాడని అనుకోవడానికి వీల్లేదు. దాని ఫలితం కుటుంబాల మీద పడుతుంది. ఇంట్లో మనిషి కనబడకుండా పోయాక ప్రీమియం కట్టడం ఆపేస్తే పాలసీ ల్యాప్స్ అవుతుంది, ఏడేళ్ళ తర్వాత వెళ్తే డబ్బు రాదు. కాబట్టి ఎంత కష్టమైనా ప్రీమియాలు కడుతూ ఉండాలి.

ప్రభుత్వోద్యోగి ఐతే ఇంకో దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మాయమైతే, ఎఫ్‌ఐఆర్ నమోదైన ఆరు నెలల తర్వాత కుటుంబం ఫ్యామిలీ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏడేళ్ళు ఆగక్కర్లేదు. కావలసినవి ఎఫ్‌ఐఆర్ నకలు, వెతికినా దొరకలేదని పోలీసులిచ్చే రిపోర్టు, మనిషి తిరిగొస్తే డబ్బు వెనక్కిస్తామని ఇండెమ్నిటీ బాండ్. ఇక్కడ పని ఆగిపోయేది దాదాపు ప్రతిసారీ మొదటి కాగితం దగ్గరే. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకుని రసీదు మాత్రం ఇస్తే కుదరదు, ఎఫ్‌ఐఆర్ నంబరు పడాలి. తారీఖులన్నీ దాని నుంచే లెక్కవుతాయి.

శవం లేకుండా నిర్ణయానికి రావడం గురించి ఆదివారం మాట్లాడతారు కాబట్టి హెరాల్డ్ హోల్ట్‌ను పక్కన పెట్టి చూపించండి. ఆస్ట్రేలియా ప్రధానిగా ఉండగా 1967 డిసెంబర్ 17న పోర్ట్‌సీ దగ్గర చెవియట్ బీచ్‌లో ఈతకు దిగి మళ్ళీ కనబడలేదు. చైనా సబ్‌మెరీన్ తీసుకుపోయిందని కూడా పుకార్లు పుట్టాయి. శవం లేనందువల్ల అప్పటి విక్టోరియా రాష్ట్ర చట్టం కింద ఇంక్వెస్టు, అంటే మరణ విచారణ, జరపలేకపోయారు. చట్టం మారాక 2005లో కరోనర్, అంటే మరణాలను విచారించే అధికారి, ప్రమాదవశాత్తూ మునిగిపోయాడని తేల్చాడు. హోల్ట్ నీళ్ళలోకి దిగడం పక్కనున్నవాళ్ళు చూశారు. గ్రీకార్‌ను నీళ్ళ దగ్గర ఎవరూ చూడలేదు. ఈ ఒక్క తేడాతో మొత్తం మారిపోతుంది.

హెబ్బాళ_రాత్రిబండి:

అందరూ మూడో వాదనను దాటేస్తున్నారు. కావాలనే వెళ్ళిపోయాడనడానికి ఇన్ని ఆధారాలుంటే ఎందుకు తేలిగ్గా తీసుకోవాలి? ఫోన్ ఆఫ్ చేసి వదిలేశాడు, డిస్క్ పోగొట్టాడు, ఇరవై ఏళ్ళు నేరగాళ్ళను చూసినవాడికి పోలీసులు ఎలా వెతుకుతారో తెలుసు. ఇంకెవరి కారులోనో ఎక్కి వెళ్ళాడనుకుంటే సిగరెట్ బూడిద సంగతి కూడా కుదురుతుంది.

మల్లేశ్వరం_కేసుడైరీ:

తేలిగ్గా తీసుకోలేదు రాత్రిబండి గారూ. ఐతే మాయమవడం మొదటి రోజు తేలిక, మూడో నెలలో కష్టం. డబ్బు కావాలి, గుర్తింపు కాగితం కావాలి, ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రి కావాలి. అప్పటికి ఆయన వయసు 59. ఆ తర్వాత ఆయన కార్డులు, ఖాతాలు కదిలిన జాడ బయటికి రాలేదు. ఎనిమిది నెలలు ఆగితే పెన్షన్‌తో చట్టబద్ధంగానే ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. అంత దగ్గరపడ్డాక దాన్ని వదులుకుని వెళ్ళడానికి కారణం ఉండాలి. ఆ కారణం డిస్క్‌లో ఉందని మీరంటారు, డిస్క్ చదవలేం. అందుకే ఈ వాదనను కొట్టేయలేం, నిలబెట్టనూ లేం. 2011లో యూటా జైల్లో పేరు చెప్పని మనిషి ఒకడు ఈయనలా ఉన్నాడని గోల జరిగింది, వేలిముద్రలు పోల్చితే కాదని తేలింది. బతికున్నాడన్న మాటలను తేల్చే పద్ధతి అదే. కనబడ్డాడన్న ప్రతి కబురుకూ ముద్ర దొరికిందా, దంతాలు పోల్చారా అని అడగండి.

ఎస్పీరోడ్_డిస్క్:

రాత్రిబండి గారికి నా వైపు నుంచి ఒక్క మాట. తెలివిగా పారిపోయేవాడు డిస్క్‌ను, ల్యాప్‌టాప్‌ను ఒకే చోట పారేయడు. డిస్క్ విప్పి తీసే ఓపిక ఉన్నవాడు దాన్ని ఇంకో ఊళ్ళో ఇంకో నదిలో వేసేవాడు, లేదా సుత్తితో నాలుగు దెబ్బలు వేసి చెత్తలో పడేసేవాడు. రెండూ దగ్గర్లోనే దొరికాయంటే, పారేసినవాడికి అవి దొరకకూడదన్న పట్టుదల లేదు, చదవలేకపోతే చాలు.

చదువరి గారూ, ఆదివారానికి డ్రైవ్ కొనేటప్పుడు ఒకటికి రెండు తీసుకోండి, పాత ఐడీఈ రకం, అంటే పైన చెప్పిన పిన్నుల కనెక్టర్ ఉన్నవి. ఒకటి ముందురోజు చెరువు నీళ్ళలో నానబెట్టి తీసి ఎండబెట్టండి. రెండోది తడపకుండా ఉంచండి. అక్కడ రెండింటి మూతలూ తీసి పళ్ళేలు పక్కపక్కన పెడితే, లవణం మరకలు ఎవరికైనా కంటికే కనబడతాయి. మూత స్క్రూల్లో ఒకటి లేబుల్ కింద దాగి ఉంటుంది, అది వెతక్కుండా బలవంతంగా లేపితే మూత వంగుతుంది. పళ్ళేలు గాజువి కావచ్చు, కళ్ళద్దాలు పెట్టుకుని విప్పండి, పిల్లలను దగ్గరికి రానీయకండి.